సింధియా పేరు వెనుక నొక స్త్రీ

(జాతీయ నౌకాయాన దినమున విశాఖపట్టణమందు విద్యార్థినుల సభలో చేసిన ఉపన్యాసము)



ఈ పట్టణమున ప్రతిదినము వేలకొలది జనులు "సింధియా" యను పేరు నుచ్చరించుచుందురు. బస్సు నుదుట ఆ పేరుండును. ఆటో నడుపువాడు ఆ పేరే కేకవేయును. పనికి బోవువారు ఆ పేరుగల కూడలిలో దిగి, టీ త్రాగి, తమ దారిని తాము పోవుదురు. ఆ పేరెక్కడనుండి వచ్చినదని మేము ఈ సభకు వచ్చుటకు ముందు కొందర నడిగి చూచితిమి. ఒకరు గ్వాలియరు రాజుగారి పేరనిరి. తక్కినవారు నవ్వి యూరకుండిరి. రాజుగారి పేరన్నవారు కొంతవరకు సరిగనే చెప్పిరి. కాని ఆ పేరు మన తీరమున నాటుకొనుటకు కారణము రాజులు కారు, వర్తకులు. ఆ వర్తకుల గృహమునకు కోడలుగా వచ్చి, వారి ఓడల కధినాయికయైన యొక స్త్రీ కథను నేడు మీకు జెప్పదలచితిమి. ఆమె పేరు సుమతీ మొరార్జీ.

మొదట నేటి దినమును గూర్చి. 1919వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన బొంబాయి రేవునుండి "లాయల్టీ" యను నొక ఓడ లండనునకు బయలుదేరెను. అది గ్వాలియరు మహారాజు సింధియా వద్దనుండి కొన్న ఓడ. కొన్న కంపెనీకి సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ యని పేరు. నరోత్తమ మొరార్జీ, వాల్‌చంద్ హీరాచంద్, లల్లూభాయి సామల్‌దాస్, కిలాచంద్ దేవ్‌చంద్ అను నలుగురు కలిసి దానిని స్థాపించిరి. భారతీయుల సొత్తైన పెద్ద ఓడ భారతీయుల సరకును మోసికొని ఐరోపాకు బోవుట ఆనాడు సాహసము. ఆ ప్రయాణ స్మారకముగనే 1964 నుండి ఏప్రిల్ 5 జాతీయ నౌకాయాన దినముగా జరుగుచున్నది.

ఓడ నడుపుట సాహసమెట్లగునని మీరడుగవచ్చును. కోరంగి వడ్రంగులు ఓడలు గట్టిన తీరము మనది. మచిలీపట్టణపు వస్త్రములు దేశాంతరములకు బోయిన తీరము మనది. అట్టి తీరమున పరప్రభుత్వ కాలమందు సముద్రము మనదిగను, ఓడ పరులదిగను, ఓడకిరాయి పరుల బొక్కసమునకు బోవునదిగను ఏర్పడెను. 1906లో తూత్తుకుడిలో చిదంబరం పిళ్ళై స్వదేశీ నౌకా సంఘమును స్థాపించెను. రెండేండ్లలో ఆయన కారాగారము పాలయ్యెను. 1911 నాటికి ఆ సంఘము మూతపడెను. తరువాత వచ్చిన సింధియా కంపెనీకిని అదే గతి పట్టించుటకు ఇంగ్లీషు ఓడల కంపెనీలు యత్నించినవి. కిరాయిలను నష్టము వచ్చునంతగా తగ్గించి, సరకును తమ ఓడలకు లాగుకొనినవి. తుదకు 1923లో పదియేండ్ల ఒడంబడిక యొకటి కుదిరెను. దానివలన కంపెనీ బ్రతికినది. కాని దాని ఓడల పెరుగుదలకు హద్దు ఏర్పడినది. తీర వర్తకమును స్వదేశపు ఓడలకే ప్రత్యేకింపవలెనని 1928లో ఎస్. ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో బిల్లు తెచ్చినప్పుడు, అది ధర్మవిరుద్ధమని పరప్రభుత్వము వాదించెను. తమ తీరమును తామే కాపాడుకొను దేశములు లోకమున ఎన్నియో యున్నవి. మనకు మాత్రమే అది యధర్మమయ్యెను!

ఇట్లు ఓడల వ్యాపారము కేవలము లాభనష్టముల లెక్క గాక, స్వరాజ్య సమస్యలో నొక భాగమైయుండెను. సుమతీ మొరార్జీ అడుగుపెట్టిన రంగమిది.

ఆమె 1909 మార్చి 13వ తేదీన బొంబాయిలో జన్మించెను. తండ్రి మథురాదాస్ గోకుల్‌దాస్ మిల్లుల యజమాని. పుట్టింట ఆమెకు బెట్టిన పేరు జమున. నాటి యాచారము ననుసరించి బాల్యముననే నరోత్తమ మొరార్జీ యొక్క ఏకైక పుత్రుడు శాంతికుమారునకిచ్చి వివాహము చేసిరి. అత్తవారింట ఆమె పేరు సుమతి యయ్యెను. పేరు మార్చుట ఆ కాలపు కోడండ్ర కందరకును జరిగినదే. కాని ఆ యింట జరిగిన మరియొక విశేషము అందరకును జరిగినది కాదు. కోడలి బుద్ధిసూక్ష్మతను అత్తవారు గుర్తించిరి. వంటయింటి తాళపుచెవులతో నిలువక, వర్తకశాల తలుపులు కూడ ఆమెకు దెరచిరి. యౌవనారంభముననే ఆమె కంపెనీ మేనేజింగ్ ఏజెన్సీలో చేరి పని నేర్చుకొన మొదలిడెను.

నేర్చుకొనుట యను మాటను గమనింపుడు. ఏ రేవులో ఏ ఋతువున ఏ సరకు దొరకును? ఖాళీగా తిరిగివచ్చు ఓడకు కిరాయి యెట్లు గిట్టును? రేవులో నొకదినము నిలిచిన ఓడకు ఖర్చెంత? బీమా యెంత? నావికుల జీతభత్యము లెవ్వి? ఈ ప్రశ్నలకు సమాధానములు పెండ్లికూతురి సారెతో రావు. లెక్కలపుస్తకముల నెదుట కూర్చుండి సంపాదింపవలసినవి. ఆమె సంపాదించెను. 1946 నాటికి ఆరువేలమందికి పైగా పనివారు గల ఆ సంస్థ నిర్వహణభారము ఆమె చేతికి వచ్చెను.

ఆ మధ్యకాలమున దేశము ఊరకుండలేదు; ఆమెయు ఊరకుండలేదు. గాంధీమహాత్మునితో ఆ కుటుంబమునకు గాఢమైన స్నేహముండెను. 1944 మేనెలలో ఆగాఖాన్ భవన నిర్బంధమునుండి విడుదలయై వచ్చిన మహాత్ముడు విశ్రాంతికై జుహూలో శాంతికుమార్ మొరార్జీ గృహముననే నిలిచెను. 1942 మొదలు 1946 వరకు జరిగిన రహస్యోద్యమమున సుమతీదేవికి భాగము గలదు. సర్కారు అనుమతులు లేనిదే ఒక్క ఓడయైనను కదలని వ్యాపారము ఆమెది. సర్కారునకు కోపము వచ్చిన ఆమెకు వాటిల్లు నష్టము సామాన్యముగాదు. పోగొట్టుకొనుటకు ఏమియు లేనివాని త్యాగమొకటి. పోగొట్టుకొనుటకు సర్వమును గలిగియు ముందునకు వచ్చినవారి త్యాగము మరియొకటి. రెండింటికిని నమస్కరింతము.

స్వరాజ్యము చేరువగుచున్న 1947లో సర్ సి. పి. రామస్వామి అయ్యరు అధ్యక్షతను గల నౌకావిధాన సంఘము తన నివేదిక నిచ్చెను. తీర వర్తకము నూటికి నూరుపాళ్ళును భారతీయ ఓడలకే దక్కవలెననియు, బర్మా, సింహళాది సమీపదేశముల వర్తకమున 75 పాళ్ళును, దూరదేశముల వర్తకమున 50 పాళ్ళును మనకు రావలెననియు అది నిర్దేశించెను. 1928లో అధర్మమనిపించుకొన్నది ఇరువదియేండ్లు గడువకముందే దేశవిధానమయ్యెను. ఇక ఆ విధానమును కాగితము మీదినుండి సముద్రము మీదికి దింపవలసిన పని మిగిలెను. అది ప్రభుత్వముతో వాదించి, ప్రభుత్వమును ఒప్పించి చేయవలసిన పని. 1956లో భారత జాతీయ నౌకా యజమానుల సంఘము సుమతీ మొరార్జీని తన అధ్యక్షురాలిగా నెన్నుకొనెను. ఓడల యజమానుల సంఘమునకు ఒక స్త్రీ అధ్యక్షురాలగుట లోకమున నదియే ప్రథమము. 1957లోను, 1958లోను, మరల 1965లోను ఆమెకే ఆ పదవి లభించెను. ఒకసారి ఎన్నుకొనుట ముచ్చటకు కావచ్చును. నాలుగుసార్లు ఎన్నుకొనుట అవసరమునకే.

ఆమె నాయకత్వమున సింధియా ఓడలు 43 వరకు పెరిగెను. వాని భారవాహక శక్తి 5,52,000 టన్నులు. 1970లో లండనునందలి ప్రపంచ నౌకాయాన సమాఖ్యకు ఆమె ఉపాధ్యక్షురాలయ్యెను. 1971లో పద్మవిభూషణ బిరుద మామెను వరించెను. 1965లో చేతిలో ధనములేని యొక వృద్ధ సన్న్యాసి అమెరికాకు బోవుటకు ఓడలో చోటడిగెను. ఆయన ప్రాయమును జూచి మొదట వలదని వారించి, తుదకు తన "జలదూత" ఓడలో చోటిచ్చిన దామెయే. ఆ సన్న్యాసియే ఇస్కాన్ సంస్థాపకుడు భక్తివేదాంత ప్రభుపాదుడు.

ఇప్పుడు మన విశాఖకు వత్తము. ఓడలు నడుపుటతో తృప్తినొందక, ఓడలు గట్టవలెనని సింధియా కంపెనీ సంకల్పించి, మన రేవు నెన్నుకొనెను. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదు ఇచ్చట నౌకా నిర్మాణశాలకు శంకుస్థాపన చేసెను. మరుసటి సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు ఈ పట్టణముపై బాంబులు వైచినవి. పని చెదరెను, మరల కూడెను. 1948 మార్చి 14వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ "జల ఉష" యను ఎనిమిదివేల టన్నుల ఓడకు ఇచ్చట జలప్రవేశము చేయించెను. 1952లో ఆ నిర్మాణశాలలో మూడింట రెండువంతులు ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డు అను పేరు వచ్చెను. 1961లో అంతయు ప్రభుత్వపరమయ్యెను. పేరు మారినను పాతపేరు జనుల నోట నిలిచియే యున్నది. మీరు ప్రతిదినము ఎక్కిదిగు బస్సు ఆ చరిత్ర నుదుట వ్రాసికొని తిరుగుచున్నది.

ఈ కథ విని మీలో కొందరు మనస్సున నొక ఆక్షేపణ చేసికొనుచుందురు. "ఆమె శ్రీమంతుల యింట బుట్టినది, శ్రీమంతుల యింట మెట్టినది. మాకేమి పోలిక?" ఈ యాక్షేపణ న్యాయమైనది. దీనిని దాటవేయుట మాకిష్టములేదు. వారసత్వము కుర్చీ నిచ్చును. కుర్చీలో కూర్చుండి చేయవలసిన పనిని ఈయదు. తాత సంపాదించినది మనుమడు తగులబెట్టిన కథలు మన న్యాయస్థానములలో కట్టలకొలది పడియున్నవి. వారందరును పురుషులే. కావున ఆమె సమర్థత ఆమెదే. ఐనను, అత్తవారు తలుపు దెరవకున్నచో ఆ సమర్థత ఏ మేడగదిలోనో అణగిపోయి యుండెడిది. మనము విచారింపవలసినది ఆ తెరచిన తలుపును గూర్చి కాదు, తెరవని తలుపులను గూర్చి. మన యూళ్ళలో ఎందరు సుమతులు జొన్నల కొలతలోను, పాడిలెక్కలోను తమ బుద్ధినంతయు వెచ్చించి, పేరులేక పోయిరో!

తలుపు తెరచుట ఒకరి దయగా నున్నంతకాలము అది స్వాతంత్ర్యము కాజాలదు. అందుచేతనే చట్టము వచ్చినది. అదియు మెట్టుమెట్టుగా వచ్చినది. 1937 చట్టము హిందూ వితంతువునకు భర్త యాస్తిలో పరిమితమైన హక్కునే యిచ్చెను. 1956 చట్టము ఆ పరిమితిని తొలగించి, స్త్రీని తన యాస్తికి పూర్ణస్వామినిని జేసెను. కాని ఉమ్మడి కుటుంబపు యాస్తిలో పుట్టుకతో వచ్చు హక్కు కుమారులకే మిగిలెను. దేశమున కెల్ల ముందుగా ఆ యడ్డుగోడను పగులగొట్టిన శాసనములలో ఆంధ్రప్రదేశ శాసనమొకటి. 1985 సెప్టెంబరు నుండి అమలునకు వచ్చిన ఆ 1986 నాటి చట్టము కుమార్తెను కుమారునితో సమానముగా దాయాదిని జేసెను. అయితే అంతకుముందే వివాహమైన వారిని అది విడిచిపెట్టెను. 2005లో కేంద్రచట్టము వచ్చి దేశమంతటి కుమార్తెలకును ఆ హక్కునిచ్చెను. తండ్రి ఆ తేదీనాటికి జీవించియుండ నవసరములేదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ వ్యాజ్యమున తేల్చిచెప్పెను. 1937 మొదలు 2020 వరకు ఎనుబదిమూడేండ్లు! ఒక మనిషి జీవితకాలము. ఇంతచేసియు, పసుపుకుంకుమల పేర నింత ముట్టచెప్పి, అక్కచెల్లెండ్రచేత హక్కు వదులుకొన్నట్లు సంతకము తీసికొను సోదరులను మేము నేటికిని చూచుచున్నాము.

సంతకము మాట వచ్చినది గావున మా యనుభవము నొకటి చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట ఒక గృహిణి కోర్టు సమను చేతబట్టుకొని మా కార్యాలయమునకు వచ్చెను. చెల్లని చెక్కు కేసులో ఆమెయు నొక ముద్దాయి. ఆమె ఒక కంపెనీకి తొమ్మిదేండ్లుగా డైరెక్టరు! ఆ కంపెనీ కార్యాలయ మే వీధిలో నున్నదో ఆమె యెరుగదు. "వారు చూపినచోట సంతకము పెట్టితినండి" యని మాత్రము చెప్పెను. కంపెనీ వ్యవహారములకు బాధ్యురాలు కాదని ఋజువు చేసి ఆమెను బయటవేయుటకు మాకు మూడేండ్లు పట్టెను. ఆ వాదన గెలిచిన దినమున మాకు సంతోషము కలుగలేదు. ఏలయన, మేము న్యాయాధిపతి యెదుట నిలిచి ఋజువుచేసిన విషయమేమి? ఈమెకు ఏమియు తెలియదు, ఈమె ఏమియు చేయలేదు, ఈమె పేరు పేరు మాత్రమే యని! ఒక స్త్రీని కాపాడుటకు ఆమె శూన్యతను ఋజువు చేయవలసి వచ్చెను.

2013 కంపెనీల చట్టము షేరుమార్కెట్టున నమోదైన ప్రతి కంపెనీయు, నిర్ణీత పరిమాణమునకు మించిన ఇతర పబ్లికు కంపెనీలును తమ బోర్డున ఒక్క స్త్రీనైనను డైరెక్టరుగా నుంచుకొనవలెనని విధించినది. మంచి చట్టము. కాని ఆ ఖాళీని భార్యతోనో కుమార్తెతోనో పూరించి, ఆమెకు కాగితములు చదువుటకైనను అవకాశమీయనిచో, చట్టము నెరవేరును, ధర్మము నెరవేరదు. గ్రామపంచాయతీలలో సర్పంచి స్థానమున భార్యయు, సర్పంచి కుర్చీలో భర్తయు ఉండుట మనమెరిగినదే గదా! ఇందు మాకును నిందకు పాలు గలదు. మేము స్వచ్ఛంద సేవకులముగా పనిచేసిన ఉద్యమములలో ఊరేగింపు ముందు వరుస స్త్రీలది. లాఠీదెబ్బలలో సమానభాగము వారిది. సాయంకాలము తీర్మానములు వ్రాయు గదిలో మాత్రము వారి చాప ఖాళీ. దీనిని మేము చూచియు, చాలకాలము చూడనట్లు నటించితిమి. నేడు మీయెదుట ఒప్పుకొనుచున్నాము.

ఇక సుమతీదేవి కథలో చేదుభాగము. 1979 నుండి 1987 వరకు ఆమె కంపెనీ అధ్యక్షురాలుగా నుండెను. ఆ యేండ్లు నౌకావ్యాపారమునకు లోకమంతటను గడ్డురోజులు. బస్తాలు మోయు ఓడలపోయి పెట్టెలు మోయు కంటైనరు ఓడలు వచ్చినవి. కిరాయిలు పడిపోయినవి. కంపెనీ అప్పులలో మునిగెను. 1987లో ప్రభుత్వము దానిని తన యధీనమునకు తీసికొనెను. 1992 వరకు ఆమె గౌరవాధ్యక్షురాలుగా నుండి, 1998 జూన్ 27వ తేదీన కాలధర్మము నొందెను. ఈ పతనమును మేము దాచము. ఆమె నిర్ణయములలో తప్పులున్నచో వానిని నిష్పక్షపాతముగా పరిశీలింపవలసినదే. కాని ఒక న్యాయము పాటింతము. అదే దశాబ్దమున లోకమున ఎన్నో ఓడల కంపెనీలు మునిగినవి. పురుషుడు నడిపిన కంపెనీ మునిగినప్పుడు, కాలము బాగుగా లేదని యందురు. స్త్రీ నడిపినది మునిగినప్పుడు, ఆడుపెత్తనమని యందురు. ఈ రెండు త్రాసులను విడిచి ఒకే త్రాసు పట్టుకొన్ననాడే మనము సమానత్వమును గూర్చి మాటలాడ నర్హులమగుదుము. గెలుచుటకు హక్కున్నవారికి ఓడుటకును హక్కుండవలెను.

విద్యార్థినులారా! పెద్దవారమని గాక, కోర్టులలో జుట్టు నెరసిన స్నేహితులమని భావించి మా నాలుగు మాటలు వినుడు. మీరే విద్య నభ్యసించినను జమాఖర్చులు చదువ నేర్చుకొనుడు. చదువని కాగితముపై సంతకము చేయకుడు. అడిగినవారు కన్నవారైనను, కట్టుకొన్నవారైనను సరే. మీ వాటాను అడుగుటకు సిగ్గుపడకుడు. అది భిక్షము కాదు. మీకు పదవి యిచ్చినప్పుడు ఆ పదవితోపాటు తాళములను కూడ అడుగుడు. సభలో మీకు కుర్చీ వేసినచో, తీర్మానము వ్రాయు కలమును కూడ తీసికొనుడు. తండ్రులారా! కొడుకును దుకాణమున కూర్చుండబెట్టి, కూతురిని కాలేజీకి పంపి, ఆ పిమ్మట కూతురికి వ్యవహారజ్ఞానము లేదనుట న్యాయముకాదు. ఒక సంవత్సరము ఆమెను గల్లాపెట్టె యెదుట కూర్చుండబెట్టి చూడుడు.

ముగింపుగా మన తీరమునకు సంబంధించిన మరియొక ముచ్చట. 2015 జూన్ నెలలో "దుర్గమ్మ" యను చేపలపడవ కాకినాడ తీరమునుండి బయలుదేరి తుపానులో చిక్కెను. ఇంజను చెడెను, లంగరు పోయెను, తిండియు నీరును అలలపాలయ్యెను. ఏడుగురు మత్స్యకారులు చేపలకై తెచ్చుకొన్న మంచుగడ్డ తిని ప్రాణములు నిలుపుకొనుచు ఒరిస్సావైపు కొట్టుకొనిపోవుచుండిరి. గోపాల్‌పూరు చెంత నొక చమురు ఓడ వారిని గాంచెను. ఇరువదియైదడుగుల అలలలో రెండుసార్లు యత్నము విఫలమైనను విడువక, మూడవసారి ఏడుగురిని పైకి జేర్చెను. ఆ ఓడ కప్తాను రాధికా మీనన్. భారత వర్తకనౌకలలో కప్తానైన ప్రథమ స్త్రీ ఆమె. సముద్రమున చూపిన అసాధారణ ధైర్యమునకు గాను 2016లో అంతర్జాతీయ నౌకాసంస్థ ఆమెను గౌరవించెను. అంతవరకు ఆ గౌరవము పొందిన స్త్రీ లేదు.

సుమతీ మొరార్జీ ఓడలకు యజమానురాలై ఒడ్డున నిలిచెను. రాధికా మీనన్ ఓడకు కప్తానై నడిసముద్రమున నిలిచెను. ఒకరికి అత్తవారు తలుపు దెరచిరి. మరియొకరు పరీక్షలు వ్రాసి, మెట్టుమెట్టు నెక్కి, తానే తెరచుకొనెను. ఆ రెంటి నడుమనున్న దూరమే ఈ దేశము నడచిన దూరము. నడువవలసినది ఇంకను గలదు. దుర్గమ్మను రక్షించిన ఆ ఓడ పేరు "సంపూర్ణ స్వరాజ్య". ఆ పేరు ఓడమీద వ్రాసినంతమాత్రమున చాలదు. మన యిండ్లలో, మన కంపెనీలలో, మన సభలలో కూడ దానిని నిజము చేయవలసిన భారము మీదియు, మాదియు.

రేపు సింధియా బస్సెక్కినప్పుడు ఆ పేరును ఒకమారు చదువుడు. ప్రక్కనున్నవారికి ఈ కథ చెప్పుడు. మాకు సెలవిండు.